కరెంటు పోయి వచ్చిన ఆదివారం

ఆ ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. మాకది కొత్త కాదు, మైకు ఆగితే చప్పట్లతో పాడుకుంటాం. కాసేపటికి కరెంటు వచ్చింది. మా బామ్మర్ది ప్రభాకర్ కీబోర్డు ఆన్ చేసి అదే పాట మళ్ళీ ఎత్తుకున్నాడు. నేనూ అందుకున్నాను. చరణంలో పైకి వెళ్ళే చోట నా గొంతు చీలిపోయింది. గాలి వచ్చింది గానీ పాట రాలేదు. చర్చి నిండా జనం ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను. ప్రభాకర్ వాయించడం ఆపి, ఏదో సరిచేస్తున్నట్టు ఒక బటన్ నాలుగుసార్లు నొక్కి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి హాయిగా వచ్చింది. దుమ్ము పట్టి ఉంటుందనుకుని మంచినీళ్ళు తాగి, ప్రసంగం కూడా చెప్పేశాను.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ దగ్గర, ఒక హార్డ్‌వేర్ షాపు పైన మా చర్చి. ఇరవై రెండేళ్ళుగా అక్కడ పాస్టర్‌నీ నేనే, పాటగాణ్ణీ నేనే. అంతకు ముందు సికింద్రాబాద్ పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాతో సినిమా పాటలు పాడేవాణ్ణి. పాటకూ పాటకూ మధ్య సిగరెట్ ఉండేది. ప్రభువు దగ్గరికి వచ్చాక సిగరెట్ మానేశాను, పాట మానలేదు. నాలుగు ఆల్బమ్‌లు వచ్చాయి. ప్రార్థన కూటాలకు పిలిచేవాళ్ళు ముందు నా పాట అడిగి, తర్వాతే ప్రసంగం అడిగేవాళ్ళు. దానికి నేను నొచ్చుకున్నదీ లేదు. గొంతే నా బతుకు.

మర్నాడు నా భార్య సువార్త యాప్రాల్‌లో మా ఇంటి దగ్గరి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఎన్నాళ్ళ నుంచి అని ఆయన అడిగాడు. నిన్నటి నుంచే అన్నాను. కాసేపు ఆలోచించి, మహా అయితే రెండు వారాలు అన్నాను. సువార్త పక్కనే కూర్చుని హ్యాండ్‌బ్యాగ్ జిప్పు సర్దుకుంటోంది. డాక్టర్ యాంటీబయాటిక్ రాసి, మూడు వారాల్లో తగ్గకపోతే ఇ.ఎన్.టి.కి చూపించమన్నాడు. నేను చూపించలేదు. కూటాల సీజన్ అది. ఆ తప్పు నాదే, దాన్ని ఎవరి మీదా వెయ్యను.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం ఉమ్ములో రక్తపు చార కనిపించింది. అప్పుడు ఇ.ఎన్.టి. దగ్గరికి పరుగెత్తాను. ముక్కులోంచి సన్నని ఎండోస్కోప్ దించి డాక్టరమ్మ స్క్రీన్ వైపు చూపించింది. కుడి వోకల్ కార్డ్, అంటే స్వరతంత్రి, కదలడం లేదు, దాని మీద గడ్డ ఉంది. బయాప్సీ రిపోర్టులో స్క్వామస్ సెల్ కార్సినోమా అని, అంటే క్యాన్సర్ అని వచ్చింది. స్కాన్ కూడా చూశాక స్టేజ్ త్రీ అన్నారు.

"ఇది రెండు మూడు నెలల్లో పెరిగింది కాదండీ. ఏడాది ముందు వచ్చుంటే రేడియేషన్ ఒక్కటే సరిపోయేదేమో. మీరు సింగర్ కదా, గొంతులో తేడా తెలియలేదా?" అంది డాక్టరమ్మ.

నాకు తెలియకుండా నా గొంతులో ఏదీ జరగదు మేడం అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ రోజు కూడా సువార్త పక్కనే ఉంది.

కీమో, రేడియేషన్ కలిపి ఏడు వారాలన్నారు. మొదలుపెట్టే ముందు స్పీచ్ థెరపిస్ట్ నా పాత రికార్డింగులు అడిగింది. ఆమె సంగీతం నేర్చుకున్న అమ్మాయి. మా చర్చిలో ఆదివారాలు ఫోన్లో తీసిన వీడియోల్లోంచి, ఒకే పాట వేర్వేరు నెలల్లో ఐదారు సార్లు పాడినవి ఇచ్చాను. మరుసటి వారం నన్ను పిలిచి, "సర్, ఏడాదిలో మీ శ్రుతి నాలుగు మెట్లు దిగింది. మీరే దించమన్నారా?" అని అడిగింది.

లేదన్నాను. ప్రభాకర్ వేళ్ళు ఎప్పుడూ అవే మెట్ల మీద ఉంటాయి, నేను చూసే పాడతానన్నాను. ట్రాన్స్‌పోజ్ అని ఒక బటన్ ఉంటుందని, అది నొక్కితే వేళ్ళు అక్కడే ఉన్నా శ్రుతి దిగుతుందని ఆమె మెల్లగా చెప్పింది. చాలా కీబోర్డుల్లో స్విచ్ ఆపి వేస్తే అది మళ్ళీ సున్నాకి వచ్చేస్తుందట. ఆ బటన్ సంగతి నాకు తెలియనిదేం కాదు. నా ముందే, నా మీదే వాడతారని అనుకోలేదు. కరెంటు పోయి వచ్చిన ఆదివారం ప్రభాకర్ నాలుగుసార్లు ఎందుకు నొక్కాడో అప్పుడు అర్థమైంది. ఆ రోజు నా గొంతు విరగలేదు. అది ఎప్పుడో విరిగింది, ఆ రోజు నాకు తెలిసింది.

ఇంటికి రాగానే కాప్రా నుంచి ప్రభాకర్‌ని పిలిపించాను. బటన్ సంగతి అడిగితే ఒప్పుకున్నాడు.

"గొంతు జెర అలసిందనుకున్న బావా. ఒక్క మెట్టు దించితే మంచిగ పాడినవ్. మళ్ల రెండు నెలలకు ఇంకో మెట్టు..."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పద్నాలుగు నెలలాయె."

సువార్త అడ్డం వచ్చింది. "వాన్ని అనకు. దించమని నేనే చెప్పిన. అంతకుముందు శ్రుతి తగ్గించుదమన్న కీబోర్డాయన్ని ఏం చేసినవ్? నెల తిరగకముందే పంపిస్తివి. నా తమ్ముణ్ణి సుత పంపిస్తవని భయమైంది."

"మరి డాక్టర్ అడిగినప్పుడు?"

"నువ్వు రెండు వారాలని చెప్తివి. ఆయన ముంగట నిన్ను ఎట్ల కాదనాలె?"

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. వెనకటి కీబోర్డు ఆయన్ని నేను నిజంగానే పంపేశాను. అయినా సరే, కోపం ఆగలేదు. శత్రువులు చేసుంటే ఇంత మండేది కాదు. నా పాట విని ఏడ్చిన మనిషి, నా పాటకు వాయించిన మనిషి, ఇద్దరూ కలిసి పద్నాలుగు నెలలు నన్ను గుడ్డివాణ్ణి చేశారు. నేనేమో ప్రతి ఆదివారం ఆ దించిన పాట పాడి, గొంతు ఇంకా నిలబెట్టినందుకు దేవుడికి స్తోత్రం చెప్పాను.

ముప్ఫై ఐదు సిట్టింగుల రేడియేషన్. మూడో వారానికి మెడ మాడిపోయింది, ఉమ్మి మింగితే ప్రాణం పోయేది. ముక్కులోంచి గొట్టం వేశారు. సువార్త రోజూ రాగిజావ వడగట్టి గొట్టంలో పోసేది. నేను గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. క్షమించడం గురించి ఎన్ని ప్రసంగాలు చెప్పానో లెక్కలేదు. ఆ ఏడు వారాల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు.

గడ్డ కరిగిందన్నారు. చర్చిలో కృతజ్ఞత కూడిక కూడా పెట్టారు. ఎనిమిది నెలలకు మళ్ళీ వచ్చింది. ఈసారి టోటల్ లారింజెక్టమీ అన్నారు, అంటే స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఆపరేషన్‌కు అడ్మిట్ అయ్యే రోజు పొద్దున ప్రభాకర్ కీబోర్డు మోసుకుని ఇంటికి వచ్చాడు. ఎంత కిందకైనా దించుతా, ఒక్కసారి పాడు బావా, రికార్డు చేసుకుందాం అని బతిమాలాడు. "సున్నా మీద పెట్టు" అన్నాను. పెట్టాడు. ఒక్క లైను పాడాను. సగంలో తెగిపోయింది. నేను పాడిన ఆఖరి పాట అదే, కనీసం అది నాకు తెలిసి పాడాను.

ఇప్పుడు ఊపిరి పీల్చడానికి మెడ కింది భాగంలో రంధ్రం ఉంది, దాన్ని స్టోమా అంటారు. లోపల చిన్న వాల్వ్ పెట్టారు. రంధ్రాన్ని వేలితో మూస్తే గరగరమని మాట వస్తుంది. ఆ మాటతోనే పావుగంట ప్రసంగం చెబుతున్నాను. పాటలు మార్కెట్‌లో టమాటాలు అమ్మే ఒక అక్క పాడుతోంది. ప్రభాకర్ ఇంకా వాయిస్తున్నాడు. నా డ్రెస్సింగ్ ప్లాస్టర్ ముక్క ఒకటి ఆ ట్రాన్స్‌పోజ్ బటన్ మీద నేనే అతికించాను. శ్రుతి మార్చాలంటే నోటితో అడగాలి. సువార్తతో మాట్లాడుతున్నాను, కలిసి తింటున్నాం. లోపలి మంట పూర్తిగా ఆరిందని మాత్రం చెప్పలేను.

ఇది చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. డాక్టర్ దగ్గర మీరు చెప్పాల్సింది చెప్పాక, ఐదు నిమిషాలు బయటికెళ్ళి కూర్చోండి. మీతో వచ్చిన మనిషిని లోపల వదలండి. మన ముందు చెప్పలేనివి వాళ్ళ దగ్గర ఉంటాయి.

నేను పోయిన నెల చెకప్‌లో అలాగే చేశాను. బాగున్నానని చెప్పి కారిడార్‌లోకి వచ్చి కూర్చున్నాను. సువార్త చీటీతో బయటికి వచ్చింది. దాని మీద ఛాతీ ఎక్స్‌రే అని రాసి ఉంది.

"పది దినాల సంది తెల్లారుజామున దగ్గుతున్నవని చెప్పిన. కోపమొస్తే రానియ్," అంది.

కోపం వచ్చింది. ఎక్స్‌రే తీయించుకున్నాను.