బంపర్ ఊడిందనుకున్నా

మాది జగ్గయ్యపేట. మా ఆయన కుడిచెయ్యి విరగడంతో ఆ ఏడాది వెల్డింగ్ షాపు పని నా మీద పడింది. అప్పటిదాకా నేను కిటికీ గ్రిల్స్ మాత్రమే చేశాను.

ఒకరోజు నందిగామ నుంచి ఒక రైతు జీపులో వచ్చాడు.

"నల్లరేగడిలో దిగబడితే ట్రాక్టరుతో లాగించా. వెనక బంపర్ ఊడొచ్చిందండి. గట్టిది కావాలి" అన్నాడు. నన్ను చూసి సందేహించాడు.

"ఆవిడ చేస్తదండి" అన్నారు మా ఆయన.

దళసరి ఇనప రేకు కోసి, నాలుగు రోజులు కష్టపడి బంపర్ తయారుచేసి జీపుకు బిగించాను. ఐదోరోజు రైతు ట్రాక్టరు తెప్పించాడు. జీపుకు హ్యాండ్‌బ్రేక్ వేసి, నా బంపర్‌కు మోకు కట్టి లాగించాడు. జనం గుమిగూడారు. ఉన్నట్టుండి ఫట్‌మని పెద్ద శబ్దం వచ్చింది. నా పరువు పోయిందనుకుని కళ్లు మూసుకున్నాను.

"కళ్లు తెరువు. తెగింది మోకు" అన్నారు మా ఆయన.

రైతు వంగి, అతుకుల మీద చెయ్యి వేసి తడిమి చూశాడు. "ముందు బంపర్ కూడా మీరే చెయ్యాలమ్మా" అన్నాడు.

నా పని మీద నాకు నమ్మకం కుదిరింది ఆరోజే. ఇప్పుడు మా ఆయన చెయ్యి బాగైంది. అయినా బంపర్ పని వస్తే నాకే వదిలేస్తున్నారు.