షరీఫా తాగిన రెండో గ్లాసు

ప్రొద్దుటూరులో పరుపులు కుట్టే అమీర్ బాషా కూతురు షరీఫా జీవితంలో మజ్జిగకు ఉన్న చారిత్రక ప్రాధాన్యాన్ని ఇంతవరకు ఎవరూ గ్రంథస్థం చేయలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం.

తొంభైల మొదట్లో ఆమె సోషల్ వర్క్‌లో పీజీ చదువుతుండేది. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అని గౌరవంగా పిలుస్తున్న దాన్ని అప్పట్లో ఫీల్డువర్కు అనేవారు. జమ్మలమడుగులో ఒక స్వచ్ఛంద సంస్థలో ఆరు వారాలు పనిచేసి, డైరెక్టరు దయానందం సంతకంతో రిపోర్టు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏడాది పోతుంది. ఇంకో ఏడాది చదివించే ఓపిక బాషాకు లేదన్న సంగతి ఇంట్లో ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు.

ఆమెకు ముందు వచ్చిన విద్యార్థులంతా గ్రామీణాభివృద్ధిని ఫ్యాను కిందే సాధించి వెళ్లారు. పేపర్లో సంస్థ పేరు వచ్చిన చోటల్లా కత్తిరించి అట్టకు అంటించడం వారి పని. షరీఫాకూ కత్తెర, జిగురు సీసా అందాయి. మూడో రోజు ఆమె వాటిని దయానందం బల్ల మీద పెట్టేసింది.

"సార్, నాకు ఒక ఊరు ఇయ్యండి."

"ఈ ఎండల్లో ఊరెందుకమ్మా? ఈడనే కూర్చో, సంతకం పెట్టిస్తా గదా."

"కత్తిరించేది మా నాయన దగ్గర నేర్చుకున్నా సార్. తెలీనిది ఏదన్నా నేర్చుకుంటా."

దయానందం నిట్టూర్చి ముద్దనూరు అవతలి నల్లబండపల్లెను ఇచ్చాడు. నూట పన్నెండు ఇళ్లు, ఇంటికి ముప్పై రెండు ప్రశ్నలు. "అడిగినావు గాబట్టి చెప్తాండా. నూట పన్నెండు కాగితాలూ నిండితేనే సంతకం."

నల్లబండపల్లెలో రెండు వీధులు, రెండు పార్టీలు. జెండాలు ఎన్నికకొకసారి మారేవి. పడమటి వీధి ఏ జెండా పట్టుకుంటే తూర్పు వీధి రెండోది పట్టేది. సిద్ధాంతం అంతవరకే. ఊరి మధ్య బస్సు ఆగే చోటొక్కటే ఎవరిదీ కాదు.

మొదటి రోజు నాలుక పిడచగట్టి, పడమటి వీధి మొదటి ఇంట్లో వరమ్మ ఇచ్చిన మజ్జిగను షరీఫా గటగటా తాగింది. ఐదు రోజుల్లో ఆ వీధిలోని యాభై నాలుగు ఇళ్లూ పూర్తయ్యాయి. అదంతా తన ప్రతిభే అనుకుంది. ఆరో రోజు తూర్పు వీధిలో అడుగు పెట్టగానే తలుపులు వరసగా మూసుకున్నాయి. ఆ వీధి పెద్దమనిషి తల్లి రాములమ్మ అరుగు మీద కూర్చునే విచారణ జరిపింది.

"యాడికి పోతాండావు మే? నువ్వు పడమటోళ్ల మనిషివంట గదా."

"నేను ఎవురి మనిషినీ కాదవ్వా. కాలేజీ నుంచి వచ్చినా."

"మరి వరమ్మింట్లో మజ్జిగ తాగిందెవురు? మీ కాలేజీనా?"

దయానందానికి చెబితే ఆయన ఉపాయం ఆయన దగ్గరుంది. "కాగితాలు నిండాలన్నా గానీ, ఎవురు చెప్తే నిండాలో చెప్పలేదు గదమ్మా. నువ్వే నింపెయ్." యాభై ఎనిమిది ఖాళీ కాగితాలతో షరీఫా ఆదివారం ప్రొద్దుటూరు చేరింది.

బాషా దబ్బనంలో దారం ఎక్కిస్తూ కథంతా విన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన అలాంటి ఊళ్లలో రెండు పార్టీల వాళ్లకూ పరుపులు కుట్టాడు. సద్ది, నీళ్లు వెంట తీసుకుపోయేవాడు. ఒక్క ఇంట్లోనూ గుక్కెడు తాగలేదు.

"నీళ్లసీసా తీసకపోలేదా?"

"నువ్వెప్పుడూ చెప్పలేదు గదా నాయనా."

"నువ్వు ఎమ్మే చదువుతాంటివి, నీకు తెలిసుంటాదనుకుంటి." దూది సర్దుకున్నాడు. "తాగినాక తాగలేదంటే కుదరదు. పోయి ఆ ముసలామె చేతిది గూడా తాగు. వీధంతా చూసేటట్టు తాగు."

సోమవారం మిట్టమధ్యాహ్నం షరీఫా రాములమ్మ అరుగు ముందు నిలబడింది.

"అవ్వా, ఆ వీధిలో ఒగ గ్లాసు తాగినా. నువ్వూ ఒగటి పోస్తే సమమైపోతాది."

రాములమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. తర్వాత లోపలికి కేకేసింది. "ఆళ్లు గ్లాసు పోసింటే మనం చెంబు పోయాల. తెండి!"

వీధి వీధంతా చూస్తుండగా షరీఫా చెంబు దించకుండా తాగింది. మూసిన తలుపులు తెరుచుకున్నాయి.

"ఇంగ అడుగు. ఆళ్లు ఎన్ని ప్రశ్నలకు చెప్పినారు?"

"ముప్పై రెండవ్వా."

"మేము నలభై చెప్తాం. రాసుకో."

కాగితంలో చోటు లేదు. షరీఫా దాన్ని వెనక్కు తిప్పింది. అక్కడ సంస్థ అడగాలని ఎన్నడూ అనుకోని ఎనిమిది సంగతులు చేరాయి: ఏ బోరు ఏ నెలలో ఎండుతుంది, ఏ పిల్ల బడి ఎందుకు మానింది, కాన్పు నొప్పులొస్తే బండి కట్టుకొని ఎంత దూరం పోవాలి, ఇలా. నాలుగో రోజుకు ఈ వార్త బస్సు ఆగే చోటు దాటింది. వరమ్మ ఆమె దారికి అడ్డంగా నిలబడింది.

"మాకు ముప్పై రెండు, ఆళ్లకు నలభయ్యా? ఏంది పాపా ఈ అన్యాయం? రా మళ్లీ!"

యాభై నాలుగు ఇళ్లూ మళ్లీ తిరగాల్సి వచ్చింది. మజ్జిగ కూడా మళ్లీ తాగాల్సి వచ్చింది, ఈసారి చెంబులతో.

ఆరో వారం చివర నూట పన్నెండు కాగితాలు రెండు వైపులా నిండి బల్ల మీదికి వచ్చాయి. దయానందం వెనకవైపే ఎక్కువసేపు చదివాడు. ఊరికి ముందుగా ఏం కావాలంటే తొంభై ఏడు ఇళ్లవాళ్లు ఒకే మాట అన్నారు: కాన్పులు చేసే నర్సు. వీధితో నిమిత్తం లేకుండా ఆ ఊరు ఒప్పుకున్న సంగతి అదొక్కటే. ఆయన సంతకం పెట్టాడు. తర్వాత కొంచెం మొహమాటంగా, ఆ వెనకవైపులకు ఒక కాపీ రాసిపెట్టమన్నాడు.

ఇప్పుడు షరీఫా పులివెందులలో సొంతంగా ఒక చిన్న సంస్థ నడుపుతోంది. ఇంటర్న్‌షిప్ అంటూ వచ్చే పిల్లలకు కత్తెర ఇవ్వదు, ఊరి పేరు ఇస్తుంది. నీళ్లసీసా తెచ్చుకున్నారేమో చూస్తుంది.

"ఎవురన్నా మజ్జిగ ఇస్తే తాగొచ్చునా మేడమ్?" అని పోయినేడు ఒక పిల్ల అడిగింది.

"తాగు. అవతలి వీధిలో గూడా తాగి రా."

తను మాత్రం ఆ వేసవి తర్వాత మజ్జిగ జోలికి పోలేదు.