చేతికి తాపిన మందు

మొన్న కోదాడలో పాపకు కొన్న దగ్గు మందు మూత తీయగానే గుప్పుమని నారింజ వాసన వచ్చింది. నాకు ఏడేళ్లప్పటి సూర్యాపేట దవాఖాన కళ్లముందు నిలబడింది.

గరిడేపల్లిలో అమ్మ గంజి వంపుతుంటే అడ్డంపోయి ఎడమ చెయ్యి కాల్చుకున్నాను. పుండు మానుతున్నా, కట్లు మార్చే సామాను బండి కిర్రుమంటే చాలు, ఒళ్లంతా వణికేది. నిద్రలో కేకలు పెట్టేదాన్ని. డాక్టరు ఒక నారింజ వాసన మందు రాశారు, కట్టు మార్చే ముందు తాగాలని.

నానమ్మకు నచ్చలేదు. "కాలింది చెయ్యి అయితే నోట్లె పోసుడేంది?" అంది.

నాకూ నిజమే అనిపించింది. మర్నాడు మందు పుక్కిట పట్టి, సిస్టర్ అటు తిరగగానే కట్టు మీద ఉమ్మేశాను.

"గిదేంది బిడ్డా?" అంది సిస్టర్, తడిసిన కట్టు చూసి.

"చేతికి తాపిన."

సిస్టర్ నవ్వలేదు, కసరలేదు. నా పక్కన కూర్చుంది. "చేతికి వేరే మందు పూస్తున్న. ఇది నీ జడుపుకు. జడుపు గూడ దెబ్బనే బిడ్డా, దానికి గూడ మందుంటది." నానమ్మ వైపు తిరిగి, "అవ్వా, నువ్వు జడుపు దారం కట్టు. నేను మందు తాపుత" అంది.

మెల్లగా కేకలు తగ్గాయి. బండి కూడా మళ్లీ మా గదికి రాలేదు. సిస్టర్ సామానంతా ట్రేలో పెట్టుకుని, చేతులతో మోసుకొచ్చేది. బండి చెడిపోయిందని సంబరపడ్డాను.

ఇంటికి పోయే రోజు వరండాలో అదే బండి కిర్రుమంటూ ఎదురొచ్చింది. బాగు చేయించారు కాబోలు అనుకున్నాను. అది అసలు చెడిపోనే లేదని అర్థమయ్యేసరికి నాకే ఒక పాప పుట్టింది.