సోడా తొట్టిలో విలాతీ బండి

మా నాన్న రైల్వే వర్క్‌షాపులోని వ్యాగన్ల విభాగంలో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందిన మరుసటి శీతాకాలంలో మా మేనమామ ఆ విలాతీ బండిని కొన్నాడు. ఇది తొంభైల తొలినాళ్ల మాట. కలకత్తాలో ఏదో విదేశీ కార్యాలయం మూతపడి సామాను వేలం వేస్తుంటే, అక్కడ పాడుకుని తెచ్చాడు. జీపు కంటే ఎత్తయినది, అంబాసిడరు కంటే మెత్తనిది, లోపల తోలు సీట్లు, ముందు నునుపైన చెక్క పలక. నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పుతుందని, ఎంత బురదలో దిగినా ఏనుగులా నడిచి బయటికి వస్తుందని చెప్పుకున్నారు. బెంగాలులోని మా ఖరగ్‌పూరులో అటువంటి బండి మరొకటి లేదు.

అంత గొప్ప బండీ రైల్వే కాలనీ అయిన ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా వీధికి దగ్గుతూ వచ్చింది. నల్లటి పొగ కక్కుతూ, ఆగిన చోట వణుకుతూ, మా క్వార్టరు ముందు నిలబడింది. ఆ క్వార్టరు అప్పటికి నా పేరు మీద ఉండేది. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. రైల్వే కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం వచ్చిన కారణంగా, నాన్న విరమణ తరువాత మేము ఇల్లు మారవలసిన అవసరం రాలేదు.

మామయ్య బండి దిగి, తాళం చెవి నాన్న చేతిలో పెట్టాడు.

"బావా, సాలువా రోడ్డులో లారీలకి షెడ్డు కట్టిస్తన్నాను, తెలుసు గదా. దానికో పెద్ద మేస్త్రీ కావాలి. బయటోళ్లని నమ్మలేను. ముందు ఈ బండి సంగతి సూడు. దీన్ని దార్లోకి తెచ్చినావంటే షెడ్డు నీదే."

"నాదేటి, నీదే. నాను పని సేస్తాను, అంతే," అన్నారు నాన్న. కాని ఆ తాళం చెవిని చేతిలో నుంచి జేబులోకి మార్చుకోవడానికి ఆయనకు చాలా సేపు పట్టింది.

ఆ మాట ఆయనకు ఎంత విలువైనదో చెప్పాలంటే ఆయన ఉదయాలను గురించి చెప్పాలి. వర్క్‌షాపు సైరను మోగగానే, చేతిలోని టీ గ్లాసును సగంలో కింద పెట్టి లేచి నిలబడేవారు. తరువాత, వెళ్లవలసిన చోటు లేదని జ్ఞాపకం వచ్చి, మళ్లీ కూర్చునేవారు. సైకిళ్ల మీద వెళ్లే పాత సహచరులు మొదట్లో ఆగి పలకరించేవారు. క్రమంగా గంట మోగించి వెళ్లసాగారు. ఆపైన అది కూడా మానేశారు. మామయ్య షెడ్డు ఆయనకు మరొక సంపాదన కాదు, ఉదయం లేచి వెళ్లడానికి ఒక చోటు.

వ్యాగన్లకు ఇంజను ఉండదు. అయినా నాన్నకు ఇంజన్లు తెలుసు. ఉద్యోగంలో ఉండగా సాయంత్రాలలో జీపులనూ, పాత అంబాసిడర్లనూ, పొలాల నీటి ఇంజన్లనూ బాగుచేసేవారు. స్కూటర్లను మాత్రం ముట్టుకునేవారు కారు. అవి ఆటవస్తువులని ఆయన అభిప్రాయం.

బండితోపాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ప్రతి సాయంత్రం నేను కార్యాలయం నుంచి వచ్చి, నిఘంటువును పక్కన పెట్టుకుని, ఆ పుస్తకాన్ని ఆయనకు తెలుగులో చెప్పేవాణ్ని. నేను తడబడిన చోట ఆయన ఇంజను మీద ఒక భాగాన్ని వేలితో తాకి, "ఇదేనా సెప్తన్నాది?" అని అడిగేవారు. నా చదువు ఆయన చేతికి నేరుగా ఉపయోగపడిన రోజులు నా జీవితంలో అవి మాత్రమే.

ప్లగ్గులు విప్పి మసి గీకి, వాటి మొనల మధ్య సందు సరిచేశారు. నిప్పురవ్వ ఏ క్షణంలో పడాలో ఆ క్షణాన్ని వెనక్కీ ముందుకీ జరిపి చూశారు. అన్నిటికంటే కష్టమైన పని కార్బురేటర్లది. ఎనిమిది సిలిండర్ల ఆ ఇంజనుకు గాలినీ పెట్రోలునూ కలిపి అందించేవి రెండు ఉన్నాయి. రెండూ సమానంగా ఊపిరి తీయాలి. నాన్న ఒక రబ్బరు గొట్టం చివరను ఒకదాని నోటి దగ్గర, మరొక చివరను తన చెవిలో పెట్టుకుని, ఆ బుస ఎంత గట్టిగా ఉందో వినేవారు. తరువాత రెండవదాన్ని వినేవారు. మర వెంట్రుకవాసి తిప్పి మళ్లీ మొదటిదాని దగ్గరికి వచ్చేవారు. నాకూ వినిపించారు. నాకు రెండు బుసలూ ఒకలాగే ఉన్నాయి. "ఇంకా తేడా ఉన్నాది," అన్నారు ఆయన, కళ్లు మూసుకునే.

ఒక సాయంత్రం ఇంజను తిరుగుతూ ఉండగా మా అమ్మ వంటగదిలో నుంచి, "ఆపీసినారేటి? సప్పుడు లేదు?" అని అడిగింది. నాన్న బానెట్టు మీద అరచేయి ఆనించి అలాగే నిలబడిపోయారు. ఆయన అంతటి తృప్తితో నిలబడి ఉండడం నేను అంతకు ముందు చూడలేదు. తరువాత కూడా చూడలేదు.

బండిని ఆ రాత్రే అప్పగించి ఉంటే ఈ కథ లేదు. కాని మామయ్య సరుకు పని మీద ఊరికి వెళ్లాడు, తిరిగి రావడానికి వారం పడుతుందన్నారు. ఆ వారంలోనే పెయింటరు చిన్నాన్న వచ్చాడు. ఆయన మాకు చుట్టం కాడు. నాన్నతోపాటు అదే విభాగంలో వ్యాగన్లకు రంగులు వేసి, నాన్నతోపాటే విరమించినవాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"ఇప్పినావా?"

"ఇప్పడానికేటున్నాది? బాగానే నడస్తన్నాది."

"బాగా నడిసిన వ్యాగన్ని మనం ఇప్పకుండా గేటు దాటనిచ్చినామేటి, ఏనాడైనా?"

ఈ ప్రశ్న వెనుక ఉన్నది తెలియకపోతే తరువాత జరిగినది అర్థం కాదు. వర్క్‌షాపులో ఓవరాలింగుకు వచ్చిన వ్యాగన్‌ను నీకేమి జబ్బు అని ఎవరూ అడగరు. గడువు వచ్చింది కనుక వచ్చింది. చక్రాల దగ్గర నుంచి చీలల దాకా విప్పుతారు. విప్పిన ఇనుమును మరుగుతున్న కాస్టిక్ సోడా తొట్టిలో ముంచుతారు. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డూ పాత రంగూ కరిగి, వస్తువు కొత్తగా పోతపోసినట్టు బయటికి వస్తుంది. మళ్లీ బిగించి, రంగు వేసి, పక్కన తేదీ అచ్చు కొడతారు. విప్పకుండా తేదీ కొట్టడం వాళ్ల దృష్టిలో దొంగతనం. తరతరాలుగా మా వాళ్లు విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వచ్చి నేర్చుకున్న నీతి అది. వాళ్లకున్న గౌరవమంతా దాని మీద నిలబడినది.

"రేపు షెడ్డుకి పెద్ద మేస్త్రీవి," అన్నాడు పెయింటరు చిన్నాన్న. "నలుగురూ ఏటంటారు? నాలుగు మరలు తిప్పి ఇచ్చీసినాడంటారు. ఆ పని రోడ్డు పక్క బెంగాలీ మెకానిక్ దాదా కూడా సేస్తాడు. మనం వర్క్‌షాపోళ్లం కాదేటి?"

నాన్న బండి వైపు చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

"పుస్తకంలో, ఏ భాగాన్నయినా కిరసనాయిలుతో కడిగితే చాలని రాసి ఉంది నాన్నా," అన్నాను.

"కిరసనాయిలు స్టవ్వులోకి పోసుకుంటారు బాబూ," అన్నాడు పెయింటరు చిన్నాన్న. "బియ్యే సదివినావు, మంచిదే. సోడా తొట్టి ఎప్పుడైనా సూసినావేటి?"

నాన్న కూడా నవ్వారు. నాకు తెలిసినదల్లా పుస్తకంలో ఉన్న ఆ ఒక్క మాటే. ఎందుకు అలా రాశారో నాకు తెలియదు, పుస్తకం చెప్పలేదు.

శనివారం ఒంటిపూట కార్యాలయం ముగించుకుని వచ్చేసరికి మా పెరట్లో పొయ్యి రాజుకుని ఉంది. ఇటుకల మీద సగానికి కోసిన ఇనుప పీపా, అందులో గోల్ బజారు నుంచి తెచ్చిన కాస్టిక్ సోడా నీళ్లు. ఇంజను పైభాగాలైన రెండు హెడ్లనూ, కార్బురేటర్లనూ విప్పి అందులో దింపారు. వాటి మీద నల్లటి జిడ్డు అట్టకట్టి ఉండేది. పీపా మీద తెల్లటి నురుగు పొంగి, బుసబుసమంటూ అంచులు దాటుతూ ఉంది. ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి.

"సూడు బాబూ, ఎన్నేళ్ల మురికో! తెల్లదొరలు ఒక్కనాడైనా కడగలేదు కాబోలు," అన్నాడు పెయింటరు చిన్నాన్న. "అన్నట్టు ఎంత తేలిగ్గా ఉన్నాయి! విలాతీ ఇనుమంటే ఇలగే ఉంటాది."

నాన్న కొక్కెంతో ఒక హెడ్డును పైకి లాగారు. నురుగు కిందికి జారిపోయింది. అద్దంలా ఉండవలసిన అడుగు తలం, చీమలు తిన్న బెల్లపు అచ్చులా గుంటలు పడి ఉంది. నీళ్లు కుమ్మరించి, గుడ్డతో తుడిస్తే, గుడ్డకు బూడిదరంగు ముద్ద అంటుకుని వచ్చింది. కార్బురేటర్లలో ఒకదానికి ఒక పక్క గోడ మిగలలేదు. ఇన్ని రోజులూ ఆయన చెవి పెట్టి విన్న నోరు అదే.

"ఇది ఇనుం కాదురా," అన్నారు నాన్న.

అమ్మ గుమ్మంలో నుంచి చూసింది. "సత్తు గిన్నెలాగ నల్లబడిపోనాదేటి? సత్తు గిన్నెలకి సోడా తగలనివ్వం గదా మేము," అంది. ఆమె ఎత్తిపొడవలేదు, నిజంగానే అడిగింది. వ్యాగన్లలో ఉన్నదంతా ఇనుమూ ఉక్కే. ఆ బండి ఇంజను సత్తు, అంటే సోడా తినేసే అల్యూమినియం, అన్న సంగతి, జీవితమంతా లోహంతో గడిపిన ఆ ఇద్దరి ఊహకే అందలేదు.

మామయ్య మర్నాడు తిరిగి వచ్చాడు. నాన్న ఉతికిన చొక్కా తొడుక్కుని బయలుదేరి, వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చారు.

"నువ్వెళ్లి సెప్పు బాబూ. నువ్వైతే ఆఫీసులో మాటాడినట్టు మెత్తగా సెప్తావు. నా తప్పేనని సెప్పు. మళ్లీ ఒక అవకాశం ఇమ్మని అడుగు. జీతం లేకపోయినా సేస్తానని సెప్పు."

నేను సైకిలు మీద సాలువా రోడ్డులోని షెడ్డుకు వెళ్లాను. పైకప్పు వేయడం పూర్తయింది. లారీల కింద దిగి పని చేసేందుకు గొయ్యి తవ్వుతున్న కూలీలకు, కుర్చీలో కూర్చున్న ఒక మనిషి బెంగాలీలో ఆజ్ఞలు ఇస్తున్నాడు. వెనుక గదిలో అతని మంచం, పెట్టె, స్టవ్వు, తీగ మీద ఆరేసిన లుంగీలు కనిపించాయి. ఆ గదికి అతను కొత్త కాదు.

"మా మేస్త్రీ దాదా," అని పరిచయం చేశాడు మామయ్య. "కలకత్తాలో పేరున్న మనిషి. పూజల కాడి నుంచీ ఇక్కడే ఉన్నాడు. వేలంలో ఆ బండి సూసి పెట్టిందీ ఇతనే."

దుర్గాపూజలు శరత్కాలంలో జరుగుతాయి. నాన్న చేతిలో తాళం చెవి పెట్టినది శీతాకాలంలో. నేను ఆ సంగతిని పక్కకు నెట్టి, చెప్పవలసినది చెప్పాను. కోపం వస్తుందని ఎదురుచూశాను. కాని మామయ్య ముఖం తేటపడింది. చాలా రోజులుగా మోస్తున్న బరువును ఎవరో దింపినట్టు, నిండుగా ఊపిరి వదిలాడు.

"పోన్లే. బావకి ఈ మాట ఎలగ సెప్పాలా, అక్కకి మొకం ఎలగ సూపించాలా అని సచ్చిపోతన్నాను. దేవుడే దారి సూపించినాడు."

"మరి బండి నాన్నకు ఎందుకిచ్చారు మామయ్యా?"

"ఖాళీగా కూకున్నాడు గదా. సెయ్యి ఆడతాదని ఇచ్చినాను. పాడైతే అయినాది, హెడ్లు కలకత్తాలో దొరుకుతాయి. ఏం దాదా?"

"ఠీక్ హై," అన్నాడు దాదా, గొయ్యి వైపే చూస్తూ.

"నాకు కోపం లేదని సెప్పు. కాని ఇంత జరిగినాక షెడ్డు మాట ఎత్తొద్దని సెప్పు. బాగోదు."

తిరుగుదారిలో నేను తర్కించుకున్నాను. నిజం తెలిస్తే నాన్నకు బావమరిది మీద నమ్మకం పోతుంది. కాని తన చేతులారా పోగొట్టుకున్నానన్న బాధ తీరుతుంది. రెండింటిలో రెండవదే పెద్ద బాధ అని నిర్ణయించుకుని, ఉన్నదున్నట్టు చెప్పాను.

"పూజల కాడి నుంచా?" అన్నారు నాన్న.

"అవును. మీరు బాగుచేసినా అంతే, చెయ్యకపోయినా అంతే. ఆ పని మీకు ఇవ్వాలని ఆయన ఎన్నడూ అనుకోలేదు. మీ తప్పేమీ లేదు నాన్నా."

ఆయన నా ముఖంలోకి చూశారు. ఆ చూపులో నాకు కనిపించినది ఉపశమనం కాదు. దాదాపు శత్రుత్వం.

"నువ్వు సరిగ్గా వినలేదు," అన్నారు. "అతగాడు నాకు మాటిచ్చినాడు. నాను సెడగొట్టినాను. అంతే."

రెండు రోజుల తరువాత దాదా లారీ తెచ్చి, బండిని గొలుసుతో కట్టి లాగించుకుపోయాడు. వీధి వీధంతా గుమ్మాలలో నిలబడి చూస్తూ ఉండగా, నాన్న ఆ మనిషి దగ్గరికి వెళ్లి, తనకు వచ్చిన బెంగాలీలో, "నేనే పాడుచేశాను. అందుకే నాకీ పని పోయింది," అని చెప్పారు. దాదా అర్థం కాక నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

అప్పటి నుంచి నాన్న ఆ కథను అందరికీ చెప్పారు. పెయింటరు చిన్నాన్నకూ, టీ కొట్టులో కొత్తవాళ్లకూ చెప్పారు. పెద్ద మేస్త్రీ పదవి ఆయన చేతికి వచ్చి, ఆయన చేతిలోనే కరిగిపోయినట్టు చెప్పేవారు. అందులో మామయ్య ఉదారుడు, తాను తొందరపడిన గొప్ప పనివాడు. ఏళ్లు గడిచిన కొద్దీ షెడ్డు పెద్దదయింది, నురుగు ఎత్తు పెరిగింది.

మామయ్య కూతురి పెళ్లిలో పంక్తి భోజనం దగ్గర కూడా ఆ కథే చెప్పారు. మామయ్య ఆయన భుజం మీద చేయి వేసి, పెద్దరికంగా తల ఊపుతూ, "పోన్లే బావా, అయిపోయినదానికేటి," అంటున్నాడు. పెళ్లికొడుకు తరఫు పెద్దాయన ఒకరు ఆసక్తిగా విని, చదువుకున్నవాడిననేమో, నా వైపు తిరిగారు.

"నిజమేనా బాబూ? అంత పెద్ద షెడ్డు మీ నాన్నగారి చేతికి వచ్చి తప్పిపోయిందా?"

నాన్న తినడం ఆపి నా వైపు చూస్తున్నారు. మామయ్య కూడా చూస్తున్నాడు.

"నిజమేనండి," అన్నాను.

మామయ్య వడ్డించేవాణ్ని పిలిచి, నా విస్తరి చూపించి, "బాబుకి ఇంకో లడ్డూ వెయ్యి," అన్నాడు.