పడవ కమ్మీకి ఏ పాలిష్

మెరిసే వస్తువును నేను నమ్మను. కిరండూల్ ఇనుప గని వర్క్‌షాపులో వెల్డర్‌గా పనిచేస్తున్న ఇన్నేళ్లలో అబ్బిన గుణం అది. అక్కడ ఏదైనా తళతళలాడుతోందంటే పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని అర్థం. పగిలిన చోట పుట్టీ కూరి, మీద రంగు పూసి, అది ఆరకముందే చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం. నేనూ పూశాను కాబట్టే చెబుతున్నాను.

మా చెల్లెలిది ఎర్రబోరు దాటాక శబరి ఒడ్డున ఉన్న ఊరు. ఆమె భర్త అక్కడ పడవ నడుపుతాడు. ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. ఆ పడవ పక్కన పట్టుకోవడానికి ఇనుప కమ్మీ ఒకటి ఉండేది. అది తుప్పు పెచ్చులు లేచి, సంతకు పోయే ఆడవాళ్ల అరచేతులు చీరుకుపోతున్నాయట. ఈసారి స్టీలుది పెడదామని జగదల్‌పూర్‌లో పైపు కొని, వంచి ఇమ్మని నా క్వార్టర్‌కు తెచ్చాడు. కొట్లోనే మిర్రర్ పాలిష్ పట్టిన పైపు. అందులో నా మొహం సొరకాయలా సాగి కనిపించింది.

"ఇట్లనే పెడదాం బావా. అవతలి ఒడ్డుకు గూడ చమక్‌మని కనబడాలె," అన్నాడు.

నాకు అక్కడే అనుమానం పుట్టింది. అయస్కాంతం పెట్టి చూశాను, అంటుకోలేదు. అంటుకోనంత మాత్రాన మంచి స్టీలు అనడానికి లేదు, నాసిరకాల్లోనూ కొన్ని అంటుకోవు. కొట్టువాడు ఇతన్ని మోసం చేశాడా, ఇతనే నాసిది తెచ్చి నా కళ్లు కప్పుతున్నాడా? బావ మాట తక్కువ మనిషి. అలాంటివాళ్లన్నా నాకు నమ్మకం తక్కువే.

"తడి చేతికి జారుతది. మెరుపు తీసి మ్యాట్ చేద్దాం," అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆ మెరుపు గీకేస్తే కింద ఏముందో బయటపడుతుందన్నది నా అసలు ఉద్దేశం.

"పని తెలిసినోడివి. నీ ఇష్టం," అన్నాడు. ఇంత తొందరగా ఒప్పుకున్నాడేమిటా అని దానికీ అనుమానించాను.

ఆదివారం పెరట్లో కూర్చుని నా వైరు బ్రష్షుతో పైపు పొడుగునా ఒకే వాటంగా రుద్దాను. ముక్కు చీదితే ఎర్రగా వచ్చే ఊరు మాది. ఆరేసిన బట్టల మీదా, అన్నం గిన్నె మూత మీదా గని దుమ్మే. మధ్యాహ్నానికి పైపు మెరుపు పోయి బూడిద రంగుకు తిరిగింది. కింద కూడా స్టీలే ఉంది. కొంచెం నిరాశ పడ్డాను, నవ్వినా నవ్వండి.

వంచిన పైపును బస్సు మీద కట్టి తీసుకెళ్తుంటే దారిలో రెండుచోట్ల పోలీసులు దింపించి, గొట్టంలోకి టార్చి వేసి చూశారు. ఎందుకు, ఎవరికి, పడవ ఎవరిది అని అడిగారు. నాకు కోపం రాలేదు. వాళ్ల చోట నేనున్నా దింపించేవాణ్ణి. ఆ సాయంత్రమే కమ్మీని పడవకు బోల్టులతో బిగించాం.

వానలు మొదలయ్యాక ఓసారి వెళ్లి పడవ చూశాను. కమ్మీ పొడుగునా గోధుమరంగు చుక్కలు. తుప్పు. బావ జనాన్ని ఎక్కించుకుని అవతలికి వెళ్లగానే నేను ఇంటికి నడిచాను. చెల్లెలు బియ్యం ఏరుతోంది.

"మీ ఆయన పైపు మార్చిండు. నేనిచ్చింది అమ్ముకుని నాసిది పెట్టిండు."

"ఆయన అట్ల చేయడన్నా."

"స్టీలు సంగతి నాకు చెప్తున్నవా? మంచిదైతే తుప్పు పట్టదు. ఇంకా ఏమేం దాచిండో చూసుకో."

చెల్లెలు చేట కింద పెట్టింది. ఆమె కాపురంలో వేలు పెట్టానన్న ఆలోచనే నాకు రాలేదు. పైగా ఆమెను కాపాడాననుకుంటూ బస్సెక్కాను.

పది రోజులకు బావను ముఖాముఖి నిలదీద్దామని మళ్లీ వెళ్లాను. నా మాటంతా విని, తిట్టకుండా లోపలికి వెళ్లి ఒక పైపు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. కమ్మీ పొడవు ఎక్కువైందని బిగించిన రోజు ఒడ్డున నేనే కోసేసిన చివరి ముక్క. దాన్ని బావి దగ్గర తువ్వాలు వేసుకోవడానికి కట్టుకున్నాడట. రుద్దేటప్పుడు నేను పట్టుకున్న జానెడు మేర దానికి బ్రష్షు తగల్లేదు. అక్కడ అద్దంలాగే ఉంది. నేను రుద్దిన మేరంతా చుక్కలు.

"ఒకటే పైపు గద బావా," అన్నాడు.

అప్పటికి నా బుర్రకెక్కింది. ఏళ్లతరబడి ఇనుము గోకిన బ్రష్షు అది. దాని పళ్లలోని ఇనుప రజనంతా నేనే స్టీలు గీతల్లో కూరాను. వానకు తుప్పు పట్టింది ఆ రజను. స్టీలుకు వేరే బ్రష్షు ఉంచాలని వర్క్‌షాపులో కొత్తవాళ్లకు చెప్పేది కూడా నేనే. అందరి చేతుల్నీ అనుమానించాను, నా చేతుల్ని తప్ప. సిగ్గుతో చచ్చిపోయాను.

తప్పయిందని బావతో అన్నాను. తలూపి పడవకు వెళ్లిపోయాడు. వారం సెలవు పెట్టి, కమ్మీ విప్పి, తుప్పు తినేసే యాసిడ్ పేస్టు పూసి కడిగి, గుడ్డ చక్రంతో మళ్లీ మిర్రర్ పాలిష్ పట్టించి తెచ్చి బిగించాను. అతను మొదట అడిగిందే అది.

బయల్దేరుతూ చెల్లెలితో, "తుప్పు పోయిందమ్మా. ఇంక రాదు," అన్నాను.

"నువ్వు చెప్పినవని తాళం తీసి ఆయన పెట్టె వెతికినన్నా," అంది. "అడుగుదాక వెతికిన. బట్టలు, కాగితాలు, మా అత్త ఫొటో. ఏం లేదు."

"పోనీలే. ఆయనకు తెల్వదు గద."

"గుమ్మంలో నిలబడి చూసిండు." చెల్లెలు నా వైపు చూడలేదు. "అప్పటిసంది పెట్టెకు తాళం వేస్తలేడు. రోజూ మూత తెరిచి పెట్టి పడవకు పోతున్నడు."