తప్పంతా బండిదే

కారుకు చెవులుంటాయా? అరవై ఎనిమిదేండ్లొచ్చినా, చేతికందిన పుస్తకమల్లా చదివినా, ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఉండవని చెప్పబోతానా, మెకానిక్ జమాల్ సాబ్ గుర్తొచ్చి నోరు మూసుకుంటాను. ఆయన కార్లను తిడతాడు. గొణగడం కాదు, ఎదురుగా నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, హెడ్‌లైట్లలోకి చూస్తూ తిడతాడు. నడిపే మనిషిని మాత్రం పల్లెత్తు మాట అనడు.

సోమందేపల్లెలో ఆయన షెడ్డుకు ఎదురుగానే నేను పనిచేసిన గ్రంథాలయం. నేను లోపల 'నిశ్శబ్దం' అని బోర్డు పెట్టిస్తే, బయటినుంచి ఆయన గొంతు వచ్చి ఆ బోర్డును వెక్కిరించేది. ముప్పై ఏండ్లు ఆ తిట్లు వింటూనే చదివినాను. ఏ రాజు ఏ యుద్ధంలో ఓడినాడో మర్చిపోయినాను గానీ, ఏ కారు ఎందుకు ఎక్కువ పెట్రోలు తాగిందో ఇప్పటికీ చెప్పగలను.

ఒకసారి వనజాక్షి టీచరు పెనుకొండనుంచి హ్యాండ్‌బ్రేకు సగం లాగిపెట్టుకునే వచ్చేసింది. వెనక చక్రాల దగ్గర పొగ.

"లీటరుకు ఎనిమిది కూడా రావడం ల్యా సాబ్" అనింది.

జమాల్ సాబ్ లోపలికి తొంగిచూసి, చప్పుడు కాకుండా బ్రేకు దించి, కారు ముందుకొచ్చి మొదలుపెట్టినాడు.

"ఏమే, మేడమ్‌కు ఇంట్లో నూరు పనులు, బళ్లో నూరు పనులు. మర్చిపోయింది. నువ్వు చెప్పల్లా వద్దా? నోరు లేదా? హారన్ ఉండాది గదా!"

"ఇంకోసారి జరగదులే సాబ్" అని టీచరు నేల చూసింది.

"మీరెందుకు చెప్తారు మేడమ్? అది చెప్పల్ల!"

కుళ్లాయప్ప కారు సంగతి ఇంకొకటి. ఇల్లు మారినప్పుడు సామానుకని కట్టించిన క్యారియరు రెండేండ్లయినా దాని నెత్తిమీదే ఉండిపోయింది. "దారిలో గాలినంతా మోస్తాండావే! ఆ గుట్టల మీద గాలిమరలు మోస్తే కరెంటన్నా వస్తాది, నీకేమొస్తాది?" అని జమాల్ సాబ్ దాన్ని పావుగంట కడిగేసినాడు. క్యారియరు పీకి, టైర్లకు గాలి కొట్టి పంపితే మైలేజీ లీటరుకు మూడు కిలోమీటర్లు పెరిగింది. తిడితేనే దారికొచ్చిందని కుళ్లాయప్ప నమ్మకం.

ఒకరోజు హనుమంతరాయుడు వచ్చినాడు. మండలంలో పెద్ద రైతు, అంతకంటే పెద్ద గొంతు. తెల్లటి డీజిల్ బండి. దాన్ని నడిపేది సుంకప్ప. ఇరవై రెండేండ్లుగా ఆయన దగ్గరే డ్రైవరు.

"సాబ్, లీటరుకు పద్నాలుగిచ్చే బండి తొమ్మిదికి దిగింది. బండి తాగుతాందో, వీడు తీసి అమ్ముకుంటాండాడో ఈపొద్దు తేలిపోవల్ల. బండిది తప్పు కాదంటే వీణ్ణి ఈడనే దింపేసి పోతా."

"ఒక్క చుక్క ముట్టలేదన్నా" అన్నాడు సుంకప్ప. యాభై దాటిన మనిషి. దొంగ అనిపించుకుని దిగిపోతే ఇంకెవరూ చేతికి తాళంచెవి ఇయ్యరు.

గొడవ విని నేను రోడ్డు దాటి వచ్చినాను. జమాల్ సాబ్ ఎయిర్ ఫిల్టర్ తీసి నేలకు తట్టితే దోసెడు ఎర్రమట్టి రాలింది. "శెనిక్కాయ చేనంతా ముక్కులో కూరుకుంటే ఊపిరి యాడాడతాది?" అని బండిని దులిపేసినాడు. వెనక చక్రం పైకెత్తి తిప్పితే తిరగలేదు, బ్రేకు పట్టేసుంది. "ముందుకు పొమ్మంటే ఎనక్కి పట్టుకుంటావా, మొండిదానా!" ఇట్ల రెండు గంటలు తిడుతూనే అన్నీ సరిచేసినాడు.

హైవే బంకులో ట్యాంకు మూతిదాకా నింపి, హిందూపురం పోయొచ్చి, ఆడనే మళ్లీ మూతిదాకా నింపితే నిజం తేలుతుంది. రాయుడు బంకులోనే కూర్చుని, "సారు అబద్ధం చెప్పడు" అని నన్ను సాక్షిగా వెనక సీట్లో ఎక్కించినాడు.

దారి పొడుగునా జమాల్ సాబ్ రోడ్డు చూడలేదు, సుంకప్ప కాళ్లు చూసినాడు. నేనూ చూసినాను. గేరు మార్చినా మార్చకున్నా ఎడమకాలు క్లచ్ మీదే ఆనించి ఉంది. ఇంజన్ అరుస్తాంది, బండికి ఆ ఊపు అందడం లేదు. పాపం, సుంకప్పకే ఆ సంగతి తెలియదు. రాయుడికి తెలిస్తే? దొంగ కాకున్నా, డీజిలు తగలేసినాడని ఆ క్షణమే దింపేస్తాడు.

తిరిగొచ్చి ట్యాంకు నింపి లెక్కేస్తే లీటరుకు పన్నెండు వచ్చింది.

"మిగతా రెండూ యాడికి పోయినాయి?" రాయుడు సుంకప్పనే చూస్తూ అడిగినాడు.

"ఒక సామాను తక్కువుండాదన్నా. అరగంట" అన్నాడు జమాల్ సాబ్.

షెడ్డుకు పోయి ఒక చెక్కముక్క కోసి, నున్నగా చెక్కి తెచ్చి, క్లచ్‌కు ఎడమపక్క స్క్రూలతో బిగించినాడు.

"ఏంది సాబ్ ఇది?"

"మైలేజీ చెక్క. గేరు మార్చనప్పుడు డ్రైవరు ఎడమకాలు దీనిమీద పెట్టి అదిమిపట్టల్ల. కాలు తీసినాడా, మైలేజీ పోతాది."

సుంకప్ప ఆ చెక్కను చూసినాడు, క్లచ్‌ను చూసినాడు, జమాల్ సాబ్‌ను చూసినాడు. అర్థమైపోయింది.

జమాల్ సాబ్ బండి ముందుకు పోయి గొంతు పెంచినాడు. "చెక్క లేదని ముందే చెప్పలేవా? ఇరవై రెండేండ్లు నమ్మకంగా చేసిన మనిషికి ఒక్కపూటలో దొంగ పేరు పెడతావా? సిగ్గుండల్ల!"

చూపు హెడ్‌లైట్ల మీదే. తల దించుకున్నది మాత్రం హనుమంతరాయుడు.

రెండోసారి పోయొస్తే పద్నాలుగుకు పైనే వచ్చింది. రాయుడు సుంకప్ప భుజం మీద చెయ్యేసి, "మనసులో పెట్టుకోవద్దప్పా" అన్నాడు. ఆ తర్వాత మండలంలో ఎందరు ఆ చెక్క వేయించుకున్నారో! అది మా సోమందేపల్లెలో పుట్టిందని కొత్తవాళ్లకు నేనే గర్వంగా చెప్తాను. దేనికి పుట్టిందో మాత్రం సుంకప్ప బతికున్నన్నాళ్లూ చెప్పలేదు, ఇప్పుడు రాస్తాండాను.

ఆపొద్దు బంకులో జనమంతా చెక్కను చూడ్డానికి డ్రైవరు తలుపు దగ్గర ఎగబడినారు. రాయుడు అందరికీ టీ చెప్పి, ఆ చెక్క గొప్పతనం తానే వివరిస్తాండాడు. బండి ముందర ఎవరూ లేరు. జమాల్ సాబ్ వేడి బానెట్ మీద అరచెయ్యి ఆనించి, ముందుకు వంగి, మెల్లగా ఏదో అన్నాడు. తిట్టు మాత్రం కాదు. గుడ్డతో దాని అద్దం మీది దుమ్ము తుడిచినాడు. టీ తాగలేదు. మాలో ఎవ్వరికీ ఒక్కమాట చెప్పకుండా, గుడ్డ భుజాన వేసుకుని షెడ్డు దిక్కు నడిచిపోయినాడు.