చెత్తబుట్టలో పడని మొహాలు

ఆ వీధిలో ఆవిడను అందరూ ఫొటో అక్క అనేవారు, ఆవిడకంటే పదేళ్లు పెద్దవాళ్లతో సహా. ఇరవై రెండేళ్లుగా స్టూడియో నడుపుతోంది. ఏడ్చే పిల్లల్ని నవ్వించడం, ఇకిలించే పెళ్లికొడుకుల్ని బుద్ధిగా నిలబెట్టడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య.

కంప్యూటర్ దగ్గర మాత్రం ఒక బలహీనత ఉంది. ఎవరు ఏ ఫైలు పంపినా తెరుస్తుంది. తెరవక ఏం చేస్తుంది? ముక్కూమొహం తెలియనివాళ్లు పంపే ఫొటోలను ప్రింటు తీసివ్వడమేగా ఆవిడ బతుకుతెరువు! ఒక సోమవారం ఉదయం "మా అమ్మ ఫొటోలు, కాస్త అర్జెంటు" అంటూ మెయిల్ వచ్చింది. అమ్మ అన్నాక ఆవిడ ఆగుతుందా? నొక్కేసింది. చేతిలో టీ చల్లారేలోపు కంప్యూటర్లోని ఫొటోలన్నిటికీ తాళం పడింది. నకళ్లు దాచుకున్న డిస్కును, ఎక్కడా పోకుండా ఉంటుందని, ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచేది. దానికీ పడింది. డబ్బు పంపితేనే తెరుస్తామని తెర మీద బెదిరింపు.

"మీరొక్కరే కాదమ్మా," అన్నాడు ఫిర్యాదు రాసుకున్న పోలీసు అధికారి. "ఈ వారంలోనే ఒక ఆసుపత్రి రిపోర్టులు, ఒక బడి పిల్లల మార్కులు ఇలాగే పోయాయి. అక్కడ రోగులు మళ్లీ పరీక్షలన్నీ చేయించుకుంటున్నారు. డబ్బు కట్టినా తాళం తీస్తారన్న నమ్మకం లేదు."

పెళ్లి ఆల్బమ్‌లు ఎలాగూ జనం ఇళ్లలో ఉన్నాయి. ఆవిడ గుండెల్లో గుచ్చుకున్నది ఒక్క ఫొటో. అదే వీధిలో బేకరీ నడిపే, ఆవిడ అన్నయ్య అని పిలిచే ఆయన కూతురిది. ఆరేళ్ల పిల్ల, జ్వరంతో పోయి నెల కాలేదు. అంతకు వారం ముందే స్టూడియోకొచ్చి, పళ్లూడిన నోటితో పకపకా నవ్వుతూ ఫొటో దిగింది. అసలు ప్రింటు ఇంకా ఇవ్వనేలేదు. తండ్రి ఫోనులో ఉన్నవన్నీ మసకమసకగా కదిలిపోయినవే, ఆ పిల్ల ఒకచోట నిలబడితేగా! పెద్దది చేసి ఫ్రేము కట్టమని, శుక్రవారం వస్తానని చెప్పి వెళ్లాడాయన. కెమెరా కార్డు చూస్తే ఎప్పుడో చెరిపేసి ఉంది.

నాలుగు రోజులు ఊరెళ్లిన స్టూడియో ఊడ్చే పిన్ని గురువారం పనిలోకి వచ్చేసరికి అక్క కళ్లు వాచిపోయి ఉన్నాయి. సంగతంతా విని పిన్ని చీపురు పక్కన పెట్టింది.

"రంగు చూసుకోడానికి చిన్న ప్రింటు తీసి పారేస్తావే, అందులో ఉండదూ?"

"వాటిని రోజూ చెత్తలో వేసేది నువ్వేగా పిన్నీ!"

"వెయ్యలేదు. తిడతావని చెప్పలేదు," అంది పిన్ని తల దించుకుని. "మనుషుల మొహాలు చెత్తలో ఎలా వేస్తానమ్మా?"

ఇంటికెళ్లి రెండు గుడ్డసంచులు మోసుకొచ్చింది. పదకొండేళ్ల ప్రింట్లు! ఇద్దరూ నేల మీద కూర్చుని ఒక్కొక్కటే చూశారు. రెండో సంచిలో, అరచేయంత కాగితం మీద, ఆ పిల్ల నవ్వుతూ దొరికింది. అక్క పిన్ని చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"చీపురు పట్టిన చేతులే, దుమ్ము!"

"ఉండనీ పిన్నీ. నీ రుణం ఎలా తీర్చుకోను?" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు బేకరీ అన్నయ్యకు ఏమీ దాచకుండా చెప్పి, ప్రింటు చేతిలో పెట్టింది.

"మొహం మరీ ఎర్రగా వచ్చిందని పక్కన పడేశానన్నయ్యా. దీన్నే పెద్దది చేసి, రంగు సరిచేసి ఇస్తాను."

ఆయన ప్రింటును వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"రంగు ముట్టుకోకమ్మా. ఆ రోజు ఎండలో నాకంటే ముందు పరిగెత్తుకుంటూ వచ్చింది. దాని మొహం అచ్చం ఇలాగే ఉంది."